ఆఖరి రోజు ఆట షార్జాలో, లెక్క కోహీర్‌లో

కోహీర్: 2020 నవంబర్ 3, మంగళవారం. మన పాత మెదక్ జిల్లాలోని దుబ్బాకలో ఆనాడు ఉప ఎన్నిక పోలింగ్. సాయంత్రం దాకా ఊళ్లో ఎవరి నోట విన్నా దుబ్బాక మాటే. పొద్దు గూకేసరికి ఆ మాట మారింది. హోటల్ ముందు, కిరాణా కొట్టు అరుగు మీద, రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఒకటే చర్చ: ఈ రాత్రి హైదరాబాద్ గెలుస్తుందా, లేదా?

ఆట జరిగేది ఇక్కడ కాదు, సముద్రం అవతల షార్జాలో. కరోనా మూలంగా ఆ ఏడాది ఐపీఎల్ పోటీలను దేశం దాటించి అరబ్ ఎమిరేట్స్‌లో జరిపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రేక్షకులు లేని మైదానాలు, ఖాళీ కుర్చీలు. సెప్టెంబర్ 19న మొదలైన పోటీల్లో లీగ్ దశకు అది ఆఖరి రోజు, 56వ మ్యాచ్. నాకౌట్ దశకు పోయే నాలుగు జట్లలో మూడు అప్పటికే ఖాయమయ్యాయి. మిగిలింది ఒక్క చోటు. దానికి ఇద్దరు పోటీదారులు. ఒకరు సన్‌రైజర్స్ హైదరాబాద్, ఆ రాత్రి ముంబయి ఇండియన్స్‌తో ఆడవలసిన వారు. రెండవవారు కోల్‌కతా నైట్ రైడర్స్, తమ ఆటలన్నీ ముగించుకుని, హైదరాబాద్ ఓడిపోతే బాగుండునని ఎదురు చూస్తున్న వారు.

అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనకు ఇది మింగుడు పడలేదు. చెరకు, అల్లం పండించే రైతు. ఆటంటే ఆసక్తి ఉంది గాని టీవీ ముందు గంటల తరబడి కూర్చునే ఓపిక లేదు. "ఏందిరా, పది దినాల కింద గీళ్లే కదా చేతికొచ్చింది పారేసుకున్నరు? మల్ల ఇయ్యాల ఒక్కటి గెలిస్తె ముందుకు పోతరా?" అని అడిగాడు. "లెక్క గట్లుంది కాకా" అన్నాడు పక్కనున్న పిల్లవాడు. ఆ లెక్క ఏమిటో చెప్పడానికి ఆ రాత్రి అరుగు మీద ఉన్నవారికి ఆట మొదలయ్యే దాకా పట్టింది. ఈ విలేఖరికి మాత్రం ఆ లెక్కతో పాత పగ ఒకటి ఉంది. అది తరువాత చెబుతాను.

పెద్దాయన అన్నది నిజమే. అక్టోబర్ 24, దసరాకు ముందు రాత్రి, దుబాయ్‌లో పంజాబ్ జట్టు హైదరాబాద్ ముందు ఉంచింది 127 పరుగుల లక్ష్యం. ఇరవై ఓవర్ల ఆటలో అది పెద్ద లెక్క కాదు. మూడు వికెట్లకు సరిగ్గా వంద పరుగుల వద్ద ఉన్న జట్టు, మరో 14 పరుగులకే మిగతా ఏడు వికెట్లూ పోగొట్టుకుంది. 114కు అందరూ ఔట్. 12 పరుగుల తేడాతో ఓటమి. పండుగ పొద్దున జమ్మి ఆకు పంచుకుంటూ కూడా ఊళ్లో ఆ మాటే చెప్పుకుని తిట్టుకున్నారు.

అప్పటికి హైదరాబాద్ ఆడినవి 11, గెలిచినవి నాలుగు, చేతిలో ఉన్నవి ఎనిమిది పాయింట్లు. మిగిలినవి మూడు ఆటలు. ఆ మూడూ ఎవరితో? ఢిల్లీ, బెంగళూరు, ముంబయి జట్లతో, అంటే పట్టికలో పైన ఉన్న మూడింటితో. ఒక్కటి ఓడినా ఇంటికే. మూడూ గెలవాలి. అలాంటి చోట ఎవరైనా జట్టు మీద ఆశ వదులుకుంటారు. నేనూ వదులుకున్నాను, దాచడం దేనికి.

అక్టోబర్ 27న ఢిల్లీతో ఆట. జట్టు నాయకుడు డేవిడ్ వార్నర్ పుట్టిన రోజు కూడా అదే. లాక్‌డౌన్ రోజుల్లో తెలుగు సినిమా పాటలకు ఇంటిల్లిపాదితో కలిసి అడుగులు వేసి, ఆస్ట్రేలియా వాడైనా మన పిల్లలకు ఇంటి మనిషి అయిపోయినవాడు. ఆ రోజు జట్టులో ఒక మార్పు చేశారు. ధాటిగా ఆడే ఇంగ్లండ్ ఆటగాడు బెయిర్‌స్టోను పక్కన పెట్టి, చాలా రోజులుగా కూర్చోబెట్టిన వృద్ధిమాన్ సాహాకు ఇన్నింగ్స్ మొదలుపెట్టే పని ఇచ్చారు. టెస్టుల్లో వికెట్ల వెనుక ఉండే మనిషిగా తప్ప సాహాను ఎవరూ పెద్దగా లెక్కపెట్టేవారు కాదు. ఆయన 45 బంతుల్లో 87 చేశాడు. వార్నర్ 34 బంతుల్లో 66. జట్టు 219 పరుగులు చేస్తే ఢిల్లీ 131కే కూలింది. రషీద్ ఖాన్ నాలుగు ఓవర్లు వేసి ఏడే పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. 88 పరుగుల తేడా! ఈ అంకెను పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలి.

అక్టోబర్ 31న షార్జాలో బెంగళూరును 120 దాటనివ్వలేదు. ఆ లక్ష్యాన్ని 14.1 ఓవర్లలోనే అందుకున్నారు. ఇక మిగిలింది ముంబయి.

ఇక్కడ పెద్దాయన మళ్లీ అడ్డం వచ్చాడు. "కోల్‌కతాకు ఏడు గెలుపులే, వీళ్లు గెలిస్తె వీళ్లకు ఏడే, బెంగళూరుకు ఏడే. ముగ్గురు అన్నదమ్ములకు రెండే పాళ్లు. ఎవరికి లేదంటవు?" అన్నాడు. అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. దీనికి జవాబు రన్ రేట్.

టీవీ వాళ్లు రోజూ ఈ మాట అంటారు, అంకె చూపిస్తారు, విప్పి చెప్పేవారు తక్కువ. విషయం కష్టమైనది కాదు. పోటీ మొదటి రోజు నుంచి ఒక జట్టు చేసిన పరుగులన్నీ కూడి, ఆడిన ఓవర్లతో భాగించాలి. ఎదుటి జట్లు తమ మీద చేసిన పరుగులన్నీ కూడి, తాము వేసిన ఓవర్లతో భాగించాలి. మొదటి దానిలోంచి రెండవది తీసేస్తే వచ్చేది నికర రన్ రేట్. బండెడు చెరకు ఫ్యాక్టరీలో తూచినట్టే: నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తేనే మనకు ముట్టేది తెలుస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. ఒక జట్టు పూర్తి ఓవర్లు ఆడకుండానే ఆలౌట్ అయితే, దాని లెక్కలో వేసేది ఆడిన ఓవర్లు కాదు, పూర్తి ఓవర్లు. ఇరవై ఓవర్ల ఆటలో పదిహేనో ఓవర్లో వంద పరుగులకు కూలిపోయిన జట్టు ఓవర్‌కు 6.66 చేసినట్టు కాదు, అయిదు చేసినట్టే. త్వరగా కూలిపోయినవాడికి లాభం రాకూడదన్నది ఇందులోని న్యాయం.

నా పాత పగ ఈ మెలికతోనే. ఇంటర్ చదివే రోజుల్లో సంక్రాంతి సెలవులకు దగ్గరి ఊరిలో ఒక టోర్నమెంటు పెట్టారు. ఊరి పేరు ఎందుకులెండి, ఇప్పుడు అక్కడివారు అంతా మిత్రులే. టెన్నిస్ బంతి, పది ఓవర్ల ఆట, జట్టుకు 500 రూపాయల ఎంట్రీ. ఆ డబ్బు కోసం మా వాళ్లలో ఇద్దరు నాలుగు రోజులు ఆలుగడ్డ తవ్వే కూలికి పోయారు. గ్రూపులో నాలుగు జట్లు, రెండు ముందుకు పోవాలి. ఆఖరి రోజు సాయంత్రానికి మూడు జట్లు రెండేసి గెలుపులతో సమానంగా నిలిచాయి. మేము మొదటి ఆటలో 70 చేసి ఎదుటి వారిని 48కే, ఎనిమిది ఓవర్లలో ఆలౌట్ చేశాం. రెండో ఆటలో మావి 55, వారివి 54. మూడోది ఓడిపోయాం, 62కు 75.

స్కోరు పుస్తకం పట్టుకున్నవారు మేము వేసిన ఓవర్లు 30 అని కాక 28 అని లెక్క కట్టారు. ఆ ఎనిమిది ఓవర్లను ఎనిమిదిగానే రాశారు. దానితో మాకు +0.33 రావలసింది పోయి −0.09 వచ్చింది. పోటీలో ఉన్న జట్టుకు +0.10. వారు సెమీ ఫైనల్‌కు, మేము ఇంటికి. ఎదుటి జట్టును తొందరగా పడగొట్టడమే మా తప్పయింది! ఆ రోజు మాలో ఎవరికీ ఈ నియమం తెలియదు. తెలిసిన వారు చెప్పేసరికి కప్పు ఎవరికో ఇచ్చేశారు, టెంట్ కూడా విప్పేశారు. చీకట్లో ట్రాలీ మీద తిరిగి వస్తుంటే ఒక్కరూ మాట్లాడలేదు. కూలికి పోయిన ఇద్దరిలో ఒకడు ఆ తరువాత బ్యాట్ పట్టలేదు.

సరే, షార్జాకు వద్దాం. రన్ రేట్ కట్టి చూస్తే ఆ రోజుకు హైదరాబాద్‌ది మిగతా ఇద్దరికంటే ఎంతో పైన ఉంది. ఢిల్లీ మీద వచ్చిన 88 పరుగుల తేడా, బెంగళూరు మీద మిగిలిపోయిన దాదాపు ఆరు ఓవర్లు, ఇవన్నీ ఖాతాలో జమపడి ఉన్నాయి. కాబట్టి ఎంత తేడాతో అన్న చింత లేదు, గెలిస్తే చాలు. ఓడితే మాత్రం 12 పాయింట్లతో ఆగిపోతారు, కోల్‌కతా 14తో దాటిపోతుంది. పాళ్లు రెండు, అన్నదమ్ములు ముగ్గురు అన్న పెద్దాయన లెక్క సరిగ్గా సరిపోయింది.

ముంబయి అప్పటికే 18 పాయింట్లతో మొదటి స్థానం ఖాయం చేసుకుని ఉంది. అందుకని బుమ్రా, బౌల్ట్ అనే ఇద్దరు ప్రధాన బౌలర్లకు, హార్దిక్ పాండ్యాకు విశ్రాంతి ఇచ్చింది. కోల్‌కతా అభిమానులు దీని మీద చాలా గొణిగారు. నా మటుకు నాకు అందులో తప్పు కనిపించదు. ముందే కష్టపడి పైకి ఎక్కినవాడు ఆఖరి రోజు కూర్చోవచ్చు. ఆఖరి రోజు దాకా తెచ్చుకున్నవాడే ఇంకొకరి దయ కోసం చూడాలి.

వార్నర్ టాస్ గెలిచి ముంబయిని ఆడమన్నాడు. గాయంతో కొన్ని ఆటలు మానేసి ఆ రోజే తిరిగి వచ్చిన రోహిత్ శర్మను సందీప్ శర్మ నాలుగు పరుగులకే పంపించాడు. డికాక్‌నూ అతడే తీశాడు. తరువాత సూర్యకుమార్, ఇషాన్ కిషన్ నిలబడ్డారు. అప్పుడు బంతి అందుకున్నాడు షాబాజ్ నదీమ్. జార్ఖండ్ ఎడమచేతి స్పిన్నర్, పెద్ద పేరున్నవాడు కాదు. నాలుగు ఓవర్లలో 19 పరుగులే ఇచ్చి సూర్యకుమార్‌ను, కృణాల్ పాండ్యాను ఔట్ చేశాడు. చివర్లో పొలార్డ్ 25 బంతుల్లో 41 బాదకపోతే ముంబయి 149 చేసేది కాదు. ఆటలో ఉత్తముడిగా ఎంపికైంది నదీమే.

150 లక్ష్యం. అరుగు మీద ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. 127 ముందు కూలిన సంగతి అందరికీ గుర్తుంది. ఒక ఫోన్ చుట్టూ ఎనిమిది తలలు. సిగ్నల్ ఆగి బొమ్మ నిలిచిపోయినప్పుడల్లా ఎదురింటి టీవీలోంచి వచ్చే కేకను బట్టి ఫోరా, వికెట్టా అని ఊహించుకోవడం. వికెట్ ఒక్కటీ పడలేదు. పవర్ ప్లే అయిపోయింది, పది ఓవర్లు అయిపోయాయి, అదే ఇద్దరు. వార్నర్ 58 బంతుల్లో 85, సాహా 45 బంతుల్లో 58, ఇద్దరూ నాటౌట్. 17.1 ఓవర్లలో 151. పది వికెట్ల గెలుపు. మూడు గెలవమంటే మూడూ గెలిచారు. పద్నాలుగు ఆటల్లో ఏడు గెలుపు, ఏడు ఓటమి, పట్టికలో మూడవ స్థానం, రన్ రేట్ +0.608.

బెంగళూరు, కోల్‌కతాల మధ్య తేడా ఎంతో తెలుసా? బెంగళూరుకు −0.172, కోల్‌కతాకు −0.214. పాయింట్లు ఇద్దరికీ 14. 0.042 తేడాతో కోల్‌కతా ఇంటికి పోయింది. ఆ తేడా ఎక్కడ పుట్టిందని వెనక్కి వెదికితే ఒక హైదరాబాద్ పిల్లవాడి దగ్గర తేలుతాం. అక్టోబర్ 21న అబుదాబిలో బెంగళూరు తరఫున ఆడిన మహమ్మద్ సిరాజ్, ఆటో నడిపే తండ్రి కొడుకు, నాలుగు ఓవర్లలో రెండు మెయిడెన్లు వేసి ఎనిమిది పరుగులకు మూడు వికెట్లు తీశాడు. ఒకే ఐపీఎల్ ఆటలో రెండు మెయిడెన్లు అంతకు ముందు ఎవరూ వేయలేదు. కోల్‌కతా ఇరవై ఓవర్లు ఆడి 84 చేయగలిగింది. బెంగళూరు 13.3 ఓవర్లలో ముగించింది. ఆ ఒక్క రాత్రి ఖాతాలో పడ్డ బాకీని కోల్‌కతా మిగతా ఆటల్లో తీర్చలేకపోయింది. నవంబర్ 1న రాజస్థాన్‌ను 60 పరుగులతో ఓడించినా చాలలేదు. మరుసటి రోజు ఢిల్లీ చేతిలో బెంగళూరు ఓడింది, అయినా దాటింది. ఎందుకంటే ఢిల్లీ 153 లక్ష్యాన్ని 17.3 ఓవర్లలోపు అందుకుంటేనే బెంగళూరు రన్ రేట్ కోల్‌కతా కంటే కిందికి పోయేది. ఢిల్లీకి 19 ఓవర్లు పట్టింది. ఓడుతూ కూడా ఓవర్లు ఈడ్చడం ఎంత పని చేస్తుందో చూడండి.

హైదరాబాద్‌కు ఇలాంటి ఆఖరి రోజులు కొత్త కావు. 2013లో, జట్టు పుట్టిన మొదటి ఏడాదే, మే 19న ఉప్పల్ మైదానంలో లీగ్ ఆఖరి మ్యాచ్ వీరిదే. ఓడితే పాయింట్లలో బెంగళూరుతో సమానమై రన్ రేట్‌లో వెనుకబడేవారు. ఎదుటి జట్టు కోల్‌కతా. 131 లక్ష్యాన్ని ఏడు బంతులు మిగిలి ఉండగా, అయిదు వికెట్ల తేడాతో అందుకున్నారు. 2019లో మరీ విచిత్రం. హైదరాబాద్ తన ఆటలన్నీ ముగించి 12 పాయింట్లతో కూర్చుంది. మే 5న ముంబయిలో కోల్‌కతా గెలిస్తే ఆశ లేనట్టే. ముంబయి కోల్‌కతాను తొమ్మిది వికెట్లతో ఓడించింది. 12 పాయింట్లతో ముందుకు పోయిన మొదటి జట్టు హైదరాబాదే. పంజాబ్‌కూ 12, కోల్‌కతాకూ 12, కాని హైదరాబాద్ రన్ రేట్ +0.577. దాని మూలం మార్చి 31న ఉప్పల్‌లో ఉంది: వార్నర్, బెయిర్‌స్టో ఇద్దరూ సెంచరీలు బాది 231 చేసి, బెంగళూరును 118 పరుగులతో ఓడించిన ఆట. మార్చిలో నాటింది మేలో కోతకు వచ్చింది. ముంబయి 2019లో గెలిచి, 2020లో ఓడి, రెండు సార్లూ హైదరాబాద్‌కే దారి ఇచ్చింది. కోల్‌కతా వారి మొర ఎవరు వింటారు!

ఒక మాట అనక తప్పదు. పేరు హైదరాబాద్ గాని, ఆ రాత్రి షార్జాలో దిగిన పదకొండు మందిలో తెలుగు వాడు ఒక్కడూ లేడు. వార్నర్ ఆస్ట్రేలియా, విలియమ్సన్ న్యూజీలాండ్, హోల్డర్ బార్బడోస్, రషీద్ ఆఫ్ఘనిస్తాన్, సాహా బెంగాల్, సమద్ జమ్మూ. మన సిరాజేమో బెంగళూరుకు ఆడాడు. 2022 నుంచి హైదరాబాద్ పిల్లవాడు తిలక్ వర్మ ముంబయికి ఆడుతున్నాడు. విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో హైదరాబాద్ తరఫున రాణించాకే మా వాళ్ల మనసు కొంత కుదుటపడింది.

అయితే ఆ పదకొండు మందిలో కోహీర్ పిల్లలు తమవాడనుకున్నది నటరాజన్‌ను. తమిళనాడు సేలం జిల్లా చిన్నప్పంపట్టి అనే పల్లె. తండ్రి మగ్గం పని కూలి, తల్లి రోడ్డు పక్క తినుబండారాల అంగడి. టెన్నిస్ బంతితో ఆడి పైకి వచ్చిన ఎడమచేతి బౌలర్. బ్యాట్స్‌మన్ పాదాల దగ్గర బంతి వేయడమే అతని విద్య. ఎలిమినేటర్‌లో బెంగళూరుకు చెందిన డివిలియర్స్‌ను అలాంటి బంతితోనే బౌల్డ్ చేశాడు. నవంబర్ 6న జరిగిన ఆ ఆటను హైదరాబాద్ గెలిచింది, 8న ఢిల్లీ చేతిలో 17 పరుగులతో ఓడి అక్కడితో ఆగింది. కప్పు రాలేదు. నటరాజన్ మాత్రం అటు నుంచి అటే ఆస్ట్రేలియాకు వెళ్లి, డిసెంబర్ 2న వన్డే, 4న టీ20, జనవరి 15న బ్రిస్బేన్‌లో టెస్టు, మూడింటిలోనూ భారత జట్టు టోపీ పెట్టుకున్నాడు. అదే పర్యటన మధ్యలో తండ్రి చనిపోయినా ఇంటికి రాకుండా ఆడిన సిరాజ్ అదే బ్రిస్బేన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు.

ఆ చలికాలమంతా మా ఊరి వెనుక చదును చేసిన ఎర్రనేల మీద పిల్లలు వికెట్ల ముందు పాత చెప్పు ఒకటి పెట్టి, దాన్ని తాకేలా బంతులు వేశారు. జామ బుట్టలతో జహీరాబాద్ పోయే ఆటోలు ఆపి మరీ చూసేవారు.

ఆ రాత్రి ఆట ముగిశాక పెద్దాయన లేచి కండువా దులుపుకుంటూ, "నీ టోర్నమెంటు సంగతి ముందే తెలుసుంటే, లెక్క చూడనీకి నేనే వద్దును గద తమ్మీ" అన్నాడు నాతో. ఇప్పుడు మా ఊరిలో సంక్రాంతి టోర్నమెంటు పెట్టినప్పుడు స్కోరు పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం రాస్తారు: "ఆలౌట్ అయినా పూర్తి ఓవర్లే లెక్క." కింద అన్ని జట్ల కెప్టెన్ల సంతకాలు తీసుకుంటారు. రాసేది నేనే.